తర్కశాస్త్రంలో జ్ఞానభేదాలు: దిఙ్నాగుని నుండి అన్నంభట్టు వరకు

'భావం' అనే మాట నేటి తెలుగులో మనస్సులో మెదిలే తలపును తెలుపుతుంది. తర్కశాస్త్రంలో ఆ మాటకు అర్థం వేరు. అక్కడ భావమంటే ఉన్న వస్తువు. దానికి ఎదుటి పక్షం అభావం. ద్రవ్యం, గుణం, కర్మ, సామాన్యం, విశేషం, సమవాయం అనే ఆరింటిని భావపదార్థాలుగా లెక్కించి, అభావాన్ని ఏడవ పదార్థంగా చేర్చారు. మనస్సులోని తలపుకు శాస్త్రకారులు వాడిన మాటలు బుద్ధి, జ్ఞానం, ప్రత్యయం. పేరుతోనో, జాతితోనో, గుణంతోనో ముడిపడిన తలపుకు వికల్పమని పేరు. తలపు వస్తువును ఉన్నదున్నట్లు పట్టుకుంటుందా, లేక తానే ఒక రూపాన్ని కల్పించి వస్తువుపై మోపుతుందా అన్న ప్రశ్నపై భారతీయ తార్కికులు శతాబ్దాల తరబడి వాదించుకున్నారు. సంస్కృత పాఠశాలల్లో విద్యార్థులు నేటికీ వల్లించే జ్ఞానవిభాగం ఆ సుదీర్ఘ వాదంలో ఒక పక్షం ఇచ్చుకున్న తీర్పు.

ఆ తీర్పును అందరికీ అందుబాటులోకి తెచ్చిన గ్రంథం 'తర్కసంగ్రహం'. 17వ శతాబ్దికి చెందిన దీని కర్త అన్నంభట్టు ఆంధ్రుడని సంప్రదాయం. ఆయన తండ్రి తిరుమలాచార్యుడని, వంశం రాఘవ సోమయాజిదని రచనల చివరి గద్యల వలన తెలుస్తున్నది. కాశీకి వెళ్లినంత మాత్రాన ఎవడూ అన్నంభట్టు కాలేడనే అర్థంగల సంస్కృత సామెత ఒకటి పండితులలో ప్రచారంలో ఉంది. బాలురకు సులభంగా బోధపడడమే ఈ గ్రంథ ప్రయోజనమని ఆయనే చెప్పుకున్నాడు. బాలుడంటే పాలుతాగే శిశువు కాడని, విన్నదానిని గ్రహించి నిలుపుకోగలవాడని వ్యాఖ్యాతలు వివరించారు. ఈ చిన్న గ్రంథానికి 'దీపిక' అనే వ్యాఖ్యను కూడా అన్నంభట్టే రచించాడు. మూలంలో తీర్పు ఉంటే, దీపికలో దాని వెనుకనున్న వాదం కనిపిస్తుంది.

తర్కసంగ్రహంలోని విభాగం

అన్నంభట్టు పద్ధతిలో బుద్ధి ఇరవైనాలుగు గుణాలలో ఒకటి. అది ఆత్మలో ఉండే గుణం. సమస్త వ్యవహారానికీ కారణమైనది బుద్ధి, అదే జ్ఞానం. జ్ఞానం స్మృతి అని, అనుభవమని రెండు విధాలు. కేవలం సంస్కారం వలన పుట్టేది స్మృతి, తక్కినదంతా అనుభవం. అనుభవం మరల యథార్థమని, అయథార్థమని రెండు విధాలు. యథార్థానుభవం ప్రత్యక్షం, అనుమితి, ఉపమితి, శాబ్దం అని నాలుగు విధాలు. అయథార్థానుభవం సంశయం, విపర్యయం, తర్కం అని మూడు విధాలు. స్మృతి కూడా తనకు మూలమైన అనుభవాన్ని బట్టి యథార్థమో అయథార్థమో అవుతుంది.

మునిమాపువేళ చెరువుగట్టు మీద నిలిచి ఉన్నదానిని చూసి అది తాటిమోడా, మనిషా అని ఊగిసలాడడం సంశయం. ముత్యపుచిప్పను చూసి వెండి అని నిశ్చయించుకోవడం విపర్యయం. అక్కడ నిప్పే లేకుంటే పొగ కూడా ఉండకూడదు గదా అని ప్రతిపక్షిని చిక్కులో పెట్టడం తర్కం. శాస్త్రానికి పేరిచ్చిన తర్కమే అయథార్థాల వరుసలో చేరడం వింతగా తోచవచ్చు. తర్కంలో నిప్పు లేదని ఆరోపిస్తారు; అది వస్తుస్థితి కాదని ఆరోపించేవానికి ముందే తెలుసు. కనుక తర్కం స్వయంగా సత్యాన్ని గ్రహించదు. సత్యానికి అడ్డుపడే శంకను తొలగించి ప్రమాణానికి సాయపడుతుంది.

ఏ ధర్మం ఏ వస్తువులో ఉన్నదో ఆ వస్తువును ఆ ధర్మం గలదిగా గ్రహించడమే యథార్థమని ఈ శాస్త్రం నిర్వచిస్తుంది. 'నేల నల్లనిది' అనే జ్ఞానంలో నేల విశేష్యం, నలుపు ప్రకారం, ఆ రెంటినీ కలిపే సమవాయం సంసర్గం. ఈ మూడూ బయట ఉన్నవే. జ్ఞానానికి సొంత ఆకారమంటూ లేదు. ఒక జ్ఞానానికీ మరొక జ్ఞానానికీ గల భేదం వాటి విషయాల భేదమే. దాదాపు ఇదే కాలంలో, 1662లో, పారిస్ నగరంలో ఆర్నో, నికోల్ అనే పండితులు రచించిన తర్కగ్రంథం వెలువడింది. పోర్ట్ రాయల్ తర్కమనే పేరుతో ప్రసిద్ధమైన ఆ గ్రంథం తన మొదటి భాగాన్ని మనస్సులోని భావాల స్వభావానికీ, విభాగానికీ కేటాయించింది. అక్కడ భావాలను ముందుగా పరిశీలించి, వాటిని కలిపి నిర్ణయాలుగా, నిర్ణయాలను కలిపి అనుమానాలుగా తీర్చుతారు. అన్నంభట్టు విభాగంలో అటువంటి భావానికి చోటు లేదు. తెలుసుకొనే ఆత్మ, తెలియబడే వస్తువు, తెలివి అనే మూడే ఉన్నాయి; వాటి నడుమ వస్తువుకు ప్రతిబింబంగా నిలిచే నాలుగవది లేదు.

పూర్వపు విభాగాలు

ఈ విభాగం మొదటినుండీ ఇదే రూపంలో లేదు. గౌతముని న్యాయసూత్రాలు బుద్ధి, ఉపలబ్ధి, జ్ఞానం అనే మూడు మాటలకూ అర్థం ఒకటేనన్నాయి. చూడడానికి పర్యాయపదాల జాబితావలె ఉన్నా ఇది సాంఖ్యులకు సమాధానం. సాంఖ్యులకు బుద్ధి జడమైన ప్రకృతి నుండి పుట్టిన తత్త్వం; చైతన్యం పురుషునిది. తెలిసే పని ఒకరిది, తెలివి మరొకరిది అనే ఆ విభజనను నైయాయికులు తోసిపుచ్చారు.

వైశేషికాచార్యుడైన ప్రశస్తపాదుడు తన 'పదార్థధర్మసంగ్రహం'లో బుద్ధిని విద్య, అవిద్య అని రెండుగా విభజించాడు. సంశయం, విపర్యయం, అనధ్యవసాయం, స్వప్నం అనే నాలుగూ అవిద్య. ప్రత్యక్షం, లైంగికం, స్మృతి, ఆర్షం అనే నాలుగూ విద్య. లైంగికమంటే గుర్తును బట్టి కలిగే అనుమానజ్ఞానం. ఆర్షమంటే ఋషుల దర్శనం. ఈ పట్టికను అన్నంభట్టు పట్టికతో పోల్చితే మార్పులు స్పష్టంగా తెలుస్తాయి. విద్యలో ఒకటిగా ఉన్న స్మృతి అనుభవం నుండి వేరుపడింది. ఎదుట ఉన్న చెట్టు ఏ చెట్టో తేలక 'ఇదేమిటో' అనుకొనే అనధ్యవసాయం విడి స్థానాన్ని కోల్పోయింది. స్వప్నం మానసికమైన విపర్యయమేనని దీపిక తేల్చింది. ఋషిదర్శనం పట్టికలో కనిపించదు. మాటవలన కలిగే శాబ్దజ్ఞానం, వైశేషికులు అనుమానంలో చేర్చినది, న్యాయమతానుసారం స్వతంత్రంగా నిలిచింది. వర్గాలు మారినప్పుడల్లా ఎవరి మాటను, ఏ అనుభవాన్ని ప్రమాణంగా స్వీకరించాలన్నది కూడా మారింది.

దిఙ్నాగుని ప్రశ్న

ఈ విచారణను మలుపుతిప్పినవాడు బౌద్ధాచార్యుడు దిఙ్నాగుడు. ఆయన కాలం సుమారు క్రీ.శ. 480-540. జన్మస్థలం కాంచీ ప్రాంతమని టిబెటన్ సంప్రదాయం. 7వ శతాబ్దిలో ఆంధ్రదేశాన్ని సందర్శించిన చైనా యాత్రికుడు హ్యూన్‌త్సాంగ్, రాజధానికి నైరుతి దిశలో ఉన్న ఒంటి కొండపై ఒక స్తూపముందని, దిఙ్నాగుడు హేతుశాస్త్రాన్ని అక్కడే రచించాడని వ్రాశాడు. ఆ రాజధాని వేంగీపురమని, అది నేటి ఏలూరు జిల్లాలోని పెదవేగి అని చరిత్రకారులు గుర్తించారు.

దిఙ్నాగుడు తన 'ప్రమాణసముచ్చయం'లో ప్రమాణాలు రెండేనన్నాడు: ప్రత్యక్షం, అనుమానం. కల్పన లేని జ్ఞానమే ప్రత్యక్షం. వస్తువుకు నామం, జాతి మొదలైనవాటిని జోడించడం కల్పన. అది ఐదు విధాలు. ఒక మనిషిని అతనికి పెట్టిన పేరుతో గ్రహించడం మొదటిది. ఆవు అని గ్రహించడం జాతికల్పన. తెల్లనిది అనడం గుణకల్పన. వంటవాడు అనడం క్రియాకల్పన. చేతికర్ర గలవాడు అనడం ద్రవ్యకల్పన. ఈ ఐదింటినీ తీసివేస్తే మిగిలేది స్వలక్షణం, అంటే ఆ క్షణాన ఆ చోట ఉన్న, మరి దేనితోనూ పోలికలేని వస్తువు. ఇంద్రియాలు తాకేది దానినే. మాటలు, పోలికలు, సామాన్యాలు అన్నీ మనస్సు చేర్చినవి.

అలాగైతే ఆవు అనే మాటకు అర్థమేమిటి? ఆవు కానిదానిని తొలగించడమే దాని అర్థమని దిఙ్నాగుడు సమాధానమిచ్చాడు. దీనికే అపోహవాదమని పేరు. లోకంలోని ఆవులన్నింటిలో 'గోత్వ'మనే నిత్యమైన వస్తువు ఏదీ లేదు; గుర్రం, చెట్టు, రాయి మొదలైనవాటి నుండి వేరుచేసే పని మాత్రమే ఉంది. ఈ వాదాన్ని అంగీకరిస్తే శబ్దం స్వతంత్ర ప్రమాణం కాజాలదు. అది అనుమానంలో చేరిపోతుంది. వేదప్రామాణ్యం నుండి ఇరుగుపొరుగు చెప్పిన మాట వరకు అన్నింటి పునాదీ కదులుతుంది. అందువల్లనే ఈ ప్రశ్న తార్కికుల గోష్ఠిని దాటి దర్శనాలన్నింటినీ కలతపెట్టింది.

సమాధానాలు, ప్రతిసమాధానాలు

కుతార్కికులు కలిగించిన అజ్ఞానాన్ని తొలగించడానికే తాను గ్రంథం రచిస్తున్నానని 'న్యాయవార్తిక' కర్త ఉద్ద్యోతకరుడు ఆరంభంలోనే ప్రకటించాడు. ఆయనా, మీమాంసకుడైన కుమారిలభట్టూ అపోహవాదంలో అన్యోన్యాశ్రయ దోషాన్ని చూపారు. ఆవు కానిదానిని తెలుసుకోవాలంటే ముందు ఆవు తెలియాలి. ఆవు తెలియాలంటే ఆవు కానిది తెలియాలి. అటువంటప్పుడు తొలగింపు ఎక్కడ మొదలవుతుంది?

7వ శతాబ్దికి చెందిన ధర్మకీర్తి దీనికి ప్రతిసమాధానం చెప్పాడు. తిప్పతీగ మొదలైన ఓషధులు రూపంలో, రుచిలో వేరువేరు. అయినా జ్వరాన్ని తగ్గించడంలో అవి ఒకే పని చేస్తాయి. వాటన్నింటిలో 'జ్వరహరత్వ'మనే ఉమ్మడి వస్తువు దాగి ఉన్నదని ఎవరూ అనుకోరు. అదేవిధంగా వేరువేరు వస్తువులు ఒకే పనికి వచ్చినప్పుడు, వాటిపై ఒకే తలపు పుడుతుంది. తలపులోని ఏకత్వాన్ని వస్తువులలోని ఏకత్వంగా పొరబడడమే జాతివాదమని ధర్మకీర్తి అభిప్రాయం.

నైయాయికులు ఈ వాదాన్ని ఎదుర్కొన్న తీరు గమనించదగినది. మిథిలకు చెందిన వాచస్పతిమిశ్రుడు గౌతముని ప్రత్యక్షలక్షణంలోని రెండు విశేషణాలను రెండు రకాల ప్రత్యక్షానికి అన్వయించాడు. మాటకందని ప్రత్యక్షం నిర్వికల్పకం, నిశ్చయరూపమైనది సవికల్పకం. బౌద్ధులు ఏకైక ప్రత్యక్షమని చెప్పినదానికి నైయాయికులు మొదటి మెట్టుగా చోటిచ్చారు. రెండవ మెట్టు కల్పన అనడాన్ని మాత్రం ఒప్పుకోలేదు. మొదటి చూపులో వస్తువు, దాని ధర్మం విడివిడిగా తెలుస్తాయి. రెండవ జ్ఞానంలో అవి ముడిపడి తెలుస్తాయి. ఆ ముడి కూడా వస్తువులో ఉన్నదే.

14వ శతాబ్దిలో గంగేశోపాధ్యాయుడు మిథిలలో రచించిన 'తత్త్వచింతామణి'తో నవ్యన్యాయం స్థిరపడిన తరువాత ఈ వాదం మరింత బిగిసింది. విశేషణం తెలియనిదే విశిష్టం తెలియదు. ఇది ఆవు అనే జ్ఞానానికి గోత్వజ్ఞానం ముందుండాలి. ఆ గోత్వజ్ఞానం కూడా మరొక విశేషణంతో కూడినదే అయితే దానికి ముందు ఇంకొకటి, దానికి ముందు మరొకటి కావలసివస్తుంది. ఈ పరంపరను ఆపడానికి ప్రకారం లేని జ్ఞానమొకటి అంగీకరించాలి. అదే నిర్వికల్పకం. అది ఎవరికీ నేరుగా అనుభవానికి రాదు. అనుమానం వల్లనే తెలుస్తుంది. దీపికలో అన్నంభట్టు చెప్పిన యుక్తి ఇదే. ప్రతిపక్షి ప్రత్యక్షానుభవంగా ప్రతిష్ఠించిన జ్ఞానం, వేయి సంవత్సరాల తరువాత, యుక్తిబలంతో మాత్రమే నిలిచే కారణంగా మారింది.

జాతి, ఉపాధి

బౌద్ధుల విమర్శ వలన నైయాయికుల సిద్ధాంతంలో వచ్చిన మరొక జాగ్రత్త జాతికీ, ఉపాధికీ చేసిన భేదం. సామాన్యంగా వాడే ప్రతి మాట వెనుకా నిత్యమైన జాతి ఉండనవసరం లేదు. ఏది జాతి కాజాలదో తేల్చడానికి, 'లక్షణావళి'ని శకం 906లో, అంటే క్రీ.శ. 984లో పూర్తిచేసిన ఉదయనాచార్యుడు, తన 'కిరణావళి'లో ఆరు జాతిబాధకాలను చెప్పాడు. ఆకాశం ఒక్కటే కనుక ఆకాశత్వం జాతి కాదు. ఒకదానినొకటి అడ్డంగా కోసుకొనే ధర్మాలు కూడా జాతులు కావు. పృథివి, జలం, తేజస్సు, వాయువు, ఆకాశం భూతాలు. పృథివి, జలం, తేజస్సు, వాయువు, మనస్సు మూర్తాలు. నాలుగు ద్రవ్యాలు రెండింటిలోనూ ఉన్నాయి, ఆకాశం, మనస్సు చెరొకవైపు నిలిచాయి. కనుక భూతత్వం, మూర్తత్వం జాతులు కావు, అవి ఉపాధులు.

ఉపాధి అబద్ధం కాదు, కానీ అది మరొకదానిపై ఆధారపడి నిలుస్తుంది. వంటవానిలో వండే పని తప్ప వంటవానితనమనే నిత్యధర్మం వేరే లేదు. తెలుగు గ్రామాలలో తరతరాలుగా వినిపించిన కరణం అనే మాట కూడా అటువంటిదే. లెక్కలు వ్రాసే ఉద్యోగం, దానిని వంశపారంపర్యం చేసిన ఏర్పాటు ఆ మాటకు ఆధారం. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ పదవులను రద్దుచేసినప్పుడు ఆ ఉపాధి తొలగింది. మనుషులు ఎప్పటివలెనే ఉన్నారు. గోత్వాన్ని ఏ శాసనమూ రద్దు చేయలేదన్నది నైయాయికుని పట్టుదల.

వాదం సమాజాన్ని తాకిన చోటు

జాతి అనే మాటకు తర్కంలో సామాన్యధర్మమని అర్థం. సమాజంలో కులమని అర్థం. ఈ రెండర్థాలు కలిసిన చోట తర్కవాదం మనుషుల బతుకులను తాకింది. బ్రాహ్మణత్వం గోత్వం వలె నిత్యమైన జాతియా, వంటవానితనం వలె ఉపాధియా అన్నది ప్రశ్న. తల్లిదండ్రుల వంశాన్ని గుర్తుచేసుకొన్నవానికి బ్రాహ్మణత్వజాతి ప్రత్యక్షంగానే తెలుస్తుందని కుమారిలుడు 'తంత్రవార్తికం'లో వాదించాడు. నైయాయికులలోనూ దానిని జాతిగా అంగీకరించినవారున్నారు.

బౌద్ధులు దీనిని తీవ్రంగా ఖండించారు. జాతిగర్వాన్ని ధర్మకీర్తి బుద్ధిమాంద్యానికి గుర్తులైన ఐదింటిలో ఒకటిగా లెక్కించాడు. ప్రజ్ఞాకరగుప్తుడు, శాంతరక్షితుడు బ్రాహ్మణత్వజాతిని విమర్శించారు. 11వ శతాబ్దికి చెందిన జైనాచార్యుడు ప్రభాచంద్రుడు 'ప్రమేయకమలమార్తండం'లోనూ, 'న్యాయకుముదచంద్రం'లోనూ ఈ చర్చను విస్తరించాడు. ఆవుకూ గుర్రానికీ మధ్య కంటికి తోచే భేదం మనుషుల నడుమ తోచదు. వంశం చెప్పనిదే తెలియనిదానిని ప్రత్యక్షమనడం తగదు. ఆ వ్యవహారం ఆచారాన్ని, వృత్తిని బట్టి ఏర్పడిందని ఈ విమర్శల సారాంశం. కల్పన ఏది, వస్తువు ఏది అని విడదీయడం నేర్పిన శాస్త్రం, ఆ విధంగా, పుట్టుకను బట్టి మనిషిని కొలిచే పద్ధతిని ప్రశ్నించడానికి కూడా ఆయుధమైంది. శాస్త్రం అదే, దానిని ఏ ప్రశ్నపై ప్రయోగించాలన్న నిర్ణయం మాత్రం మనుషులది.

గ్రంథాల గతి

11వ శతాబ్దిలో విక్రమశిల విహారానికి చెందిన రత్నకీర్తి 'అపోహసిద్ధి' రచించేనాటికి కూడా ఈ వాదం సజీవంగా ఉంది. క్రీ.శ. 1200 ప్రాంతంలో తూర్పు భారతంలోని మహావిహారాలు ధ్వంసమైన తరువాత ఎదుటి పక్షం మూగపోయింది. 'ప్రమాణసముచ్చయం' సంస్కృతమూలం చాలాకాలం క్రితమే కనుమరుగైంది. రెండు టిబెటన్ అనువాదాలలోనూ, దానిని ఖండించడానికి ప్రతిపక్షులు ఉదాహరించిన వాక్యాలలోనూ అది బతికింది. దిఙ్నాగుని మాటలను ఆయన దేశంలో కాపాడినవారిలో ఆయన ప్రత్యర్థులే ముఖ్యులు కావడం చరిత్ర చేసిన చిత్రం.

కోల్పోయినదానిని తిరిగి కూడగట్టే ప్రయత్నం 20వ శతాబ్దిలో జరిగింది. 1930లో హెచ్.ఆర్. రంగస్వామి అయ్యంగార్ మైసూరు నుండి ప్రమాణసముచ్చయ ప్రథమ పరిచ్ఛేదాన్ని సంస్కృతంలో పునర్నిర్మించి ప్రకటించాడు. రాహుల్ సాంకృత్యాయన్ 1929-1938 మధ్య నాలుగుసార్లు టిబెట్‌కు ప్రయాణించి 'ప్రమాణవార్తికం' మొదలైన అమూల్య గ్రంథాల తాళపత్ర ప్రతులను వెలుగులోకి తెచ్చాడు. జైన పండితుడు ముని జంబూవిజయుడు టిబెటన్ భాష నేర్చుకొని దిఙ్నాగుని వాక్యాలను సంస్కృతంలోకి మరల తెచ్చాడు. టిబెట్‌లో లభించిన జినేంద్రబుద్ధి వ్యాఖ్య సంస్కృతప్రతి ఆధారంగా దాని ప్రథమాధ్యాయం 2005లో బీజింగ్, వియన్నా పండితుల సహకారంతో వెలువడింది.

తెలుగునాట న్యాయపఠనం అన్నంభట్టుతో మొదలుకాలేదు. నేటి మెదక్ జిల్లాలోని కొల్చారం పేరుతో ప్రసిద్ధుడైన కోలాచల మల్లినాథుడు కాళిదాసుకు వ్యాఖ్యాతగా అందరికీ తెలుసు. వరదరాజుని 'తార్కికరక్ష'కు ఆయన 'నిష్కంటక' అనే వ్యాఖ్య రచించాడన్నది అంతగా ప్రచారంలో లేదు. కావ్యంలోని ప్రతి పదానికీ అన్వయం చెప్పిన ఆ వ్యాఖ్యాత శిక్షణలో తర్కానికి కూడా భాగముంది. తరువాతి కాలంలో తర్కసంగ్రహం దేశమంతటా పాఠ్యగ్రంథమైంది. 1897లో బొంబాయి సంస్కృత గ్రంథమాలలో అథల్యే, బోడస్ పండితుల కృషితో దీపికాసహితంగా వెలువడింది. 1932లో కుప్పుస్వామిశాస్త్రి మద్రాసు నుండి ఆధునిక విద్యార్థులకై దీనికి ఆంగ్లంలో వివరణ రచించాడు.

అయినా తర్కసంగ్రహం ఒక్కటే చదివినవారికి అది ఎదుటి పక్షం లేని తీర్పుపత్రంగా కనిపించే ప్రమాదముంది. నిర్వికల్పకం, సవికల్పకం అని రెండు మాటలు వల్లించే విద్యార్థికి, వాటి నడుమ వేంగి కొండ నుండి మిథిల వరకు సాగిన వాదం వినిపించదు. ప్రమాణసముచ్చయంలోని మొదటి పరిచ్ఛేదాన్ని దీపికతో పక్కపక్కన పెట్టి చదివే అవకాశం కొన్ని శతాబ్దాల తరువాత ఇప్పుడు మరల లభించింది. ఆ విధంగా చదివినప్పుడు విద్యార్థి తన పాఠంలోని ప్రతి విభాగం దగ్గరా ఆగి, ఇది వస్తువులో ఉన్న భేదమా, చూసేవాడు గీసిన గీతయా అని అడగగలుగుతాడు. అన్నంభట్టు ఉద్దేశించిన బాలునికి కావలసిన సామర్థ్యం కూడా అదే.